గగనవీథినుండి గతకాలమును చూచినవాడు

లంకనుండి అయోధ్యకు మరలివచ్చుచు శ్రీరామచంద్రుడు పుష్పకవిమానమునుండి సీతాదేవికి సముద్రమును, సేతువును, తాము సంచరించిన వనములను చూపిన ఘట్టము మనకు చిరపరిచితమైనది. కాళిదాసు రఘువంశమున ఒక సర్గమును దీనికే వినియోగించెను. కాలినడకన తిరిగిన నేలయే పైనుండి చూచునప్పుడు వేఱొక రూపమున గోచరించును. విడివిడిగా కన్పట్టినవి ఒక్కటిగా కూడి అర్థమిచ్చును. మహాకవి ఊహించిన ఈ అనుభవము 1929వ సంవత్సరమున అమెరికా ఖండమున ఒక యువదంపతులకు ప్రత్యక్షముగా లభించినది. వారు చూచినవి అంతరించిన నాగరకతల దేవాలయములు, నగరములు. ఆ విమానచోదకుడు చార్లెస్ లిండ్‌బర్గు. అట్లాంటిక్ మహాసముద్రమును ఒంటరిగా దాటిన సాహసికుడుగా ఆతనిని పాఠ్యపుస్తకము లెఱుగును. పురాతత్త్వశాస్త్రమునకు ఆతడొనర్చిన సేవ నెఱిగినవారు తక్కువ.

లిండ్‌బర్గు 1902 ఫిబ్రవరి 4వ తేదీన డెట్రాయిట్ నగరమున జన్మించెను. బాల్యము మిన్నెసోటా రాష్ట్రమున, మిసిసిపీ నదీతీరమున గడచెను. తండ్రి న్యాయవాది, 1907 నుండి పదేండ్లు అమెరికా ప్రతినిధిసభలో సభ్యుడు, మొదటి ప్రపంచయుద్ధమున తన దేశము పాల్గొనరాదని వాదించినవాడు. తల్లి రసాయనశాస్త్రము బోధించిన ఉపాధ్యాయురాలు. ఇట్టి ఇంట పుట్టియు కుమారునకు తరగతిగది రుచింపలేదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదువుచు, 1922లో దానిని విడిచి, విమానయానము నేర్చుకొనుటకు నెబ్రాస్కాకు పోయెను. మరుసటి సంవత్సరము సైన్యము వదలుకొన్న పాత జెన్నీ విమానము నొకదానిని కొని ఊరూర తిరుగజొచ్చెను. పైకప్పులేని ఆ చిన్న విమానమున, రుసుము చెల్లించిన గ్రామస్థుల నెక్కించుకొని, వారి పొలములను, ఇండ్లను వారికే ఆకాశమునుండి చూపి తెచ్చుట ఆనాడు ఆతని జీవనోపాధి.

పిమ్మట సైనిక వైమానిక శిక్షణ పొంది, 1926లో సెయింట్ లూయిస్, షికాగో నగరముల నడుమ తపాలా విమానము నడపెను. పొగమంచులో, రాత్రివేళ దారి కానక, పారాషూట్ సాయమున ప్రాణము దక్కించుకొన్న సందర్భములును కలవు. 1927 మే 20వ తేదీ ఉదయమున న్యూయార్కునుండి ఒంటరిగా బయలుదేరి, 33 గంటల 30 నిమిషములు నిద్రాహారములు లేకనే అన్నంతగా పయనించి, పారిస్‌లో దిగెను. అప్పటి కాతని వయస్సు ఇరువదియైదేండ్లు మాత్రమే. అంతకుమున్ను ఆ ప్రయత్నమున పలువురు ప్రాణములు కోల్పోయి యుండిరి. ఒక్కరాత్రిలో ఆతని పేరు ప్రపంచమంతట మారుమ్రోగెను.

కీర్తి వచ్చిన పిదప మనిషి ఏమి చేయునన్నదే అసలైన పరీక్ష. 1929 ఫిబ్రవరిలో, మధ్య అమెరికాకు తపాలామార్గమును ప్రారంభించుటకై పోయివచ్చుచుండగా, యుకటాన్ ద్వీపకల్పపు అరణ్యములలో శిథిలములు ఆతని కంటబడెను. చూచి ఊరకుండక, వాషింగ్టనులోని కార్నెగీ సంస్థ పండితులను సంప్రదించెను. ఆ సంస్థ అప్పటికే చిచెన్ ఇట్జాలో మాయాజాతివారి దేవాలయములను త్రవ్వించి, పునరుద్ధరించుచుండెను. తన నైపుణ్యము మీకు ఉపకరించునా యని ఒక విమానచోదకుడు పండితుల వాకిట నిలుచుట విశేషము. ప్రసిద్ధ పురాతత్త్వవేత్త ఆల్‌ఫ్రెడ్ కిడ్డరు ఆ సహాయమును సంతోషముతో స్వీకరించెను.

ఆ సంవత్సరము మే నెలలో లిండ్‌బర్గు, రాయబారి కుమార్తెయైన ఆన్ మారోను వివాహమాడెను. వేసవిలోనే ఆ నవదంపతులు పైకప్పులేని కర్టిస్ ఫాల్కన్ విమానమున అమెరికా నైరుతిదిశనున్న ఎడారి పీఠభూమిపై ఎగిరిరి. చాకో లోయలోని ప్యూబ్లో బొనీటోను, కాన్యన్ డి షే లోయలో కొండచఱియల నడుమ కట్టిన ప్రాచీన గృహములను ఛాయాచిత్రములు తీసిరి. ప్యూబ్లో బొనీటో సుమారు క్రీ.శ. 9వ శతాబ్దినుండి 12వ శతాబ్దివరకు వర్ధిల్లిన మహానిర్మాణము. ఆరువందలకు మించిన గదులు, భూమిలో త్రవ్వి రాతితో కట్టిన గుండ్రని పూజామందిరములు అందు కలవు. నేలపై నిలిచినవానికి అది గోడల గుంపు. పైనుండి చూచినవానికి అర్ధచంద్రాకారమున తీర్చిన ఒకే కట్టడము. గాలి ముఖమును కొట్టుచుండగా, బరువైన కెమెరాను చేతబట్టి, విమానము ప్రక్కకు వాలిన క్షణమున చిత్రము తీయుట సులభమైన పని కాదు.

అదే అక్టోబరులో వారు నేలపైనను నీటిపైనను దిగగల సికోర్‌స్కీ విమానమున, కిడ్డరు వెంటరాగా, మాయాదేశముపై కొన్నిదినములు సంచరించిరి. టికాల్ నగరపు దేవాలయశిఖరములు దట్టమైన అడవినుండి, పచ్చని సముద్రమున తెల్లని దీవులవలె పైకి లేచియుండెను. వానిలో మిక్కిలి ఎత్తైనది 60 మీటర్లకు పైబడును. కంచరగాడిదలపై దినముల తరబడి సాగవలసిన ప్రయాణము కొన్ని గంటలలో ముగిసెను. ఏ నగరము ఏ జలాశయమునకు చేరువనున్నదో, ఏ గుట్టపై నిలిచినదో ఒక్కచూపులో తెలియవచ్చెను.

అయినను ఆకాశదృష్టికి హద్దు కలదు. చెట్లకొమ్మల క్రింద దాగినదానిని ఛాయాచిత్రము చూపజాలదు. ఆ తెర తొలగుటకు దాదాపు తొంబది సంవత్సరములు పట్టెను. విమానమునుండి లేజరు కిరణములను ప్రసరింపజేసి, ఆకుల సందులగుండా నేలరూపమును గ్రహించు పద్ధతిచే, గ్వాటిమాలా అరణ్యములలో 60,000కు మించిన ప్రాచీన నిర్మాణముల జాడ తెలిసినదని 2018లో పండితులు ప్రకటించిరి. అంతమాత్రమున పాతచిత్రముల విలువ తగ్గలేదు. 1941 జనవరిలో ప్యూబ్లో బొనీటో వెనుకనున్న పెద్దబండ విరిగిపడి కొన్ని గదులను నుజ్జుచేసెను. అంతకుముందు ఆ కట్టడ మెట్లుండెనో 1929 నాటి చిత్రములు నేటికిని చెప్పుచున్నవి.

ఆ దంపతుల సుఖము చిరకాలము నిలువలేదు. 1932 మార్చి 1వ తేదీ రాత్రి ఇరువది నెలల పసిబిడ్డను దుండగులు అపహరించిరి. తరువాత శిశువు మృతదేహము లభించెను. పత్రికల వేధింపునకు తాళలేక 1935 చివర వారు ఇంగ్లండునకు తరలిపోయిరి. ఆ కాలముననే లిండ్‌బర్గు, డాక్టరు అలెక్సిస్ కారెల్‌తో కలిసి, శరీరావయవములను దేహమునకు వెలుపల సజీవముగా నిలుపు యంత్రమును నిర్మించెను. 1937లో భార్యతో చిన్న విమానమున భారతదేశమునకు వచ్చి, శ్రీరామకృష్ణ పరమహంస శతజయంతి సందర్భమున కలకత్తాలో జరిగిన సర్వమతసభకు హాజరయ్యెను.

సర్వమతసభలో కూర్చున్న ఆ మనిషియే మరుసటి సంవత్సరము నాజీ నాయకుడు గోరింగు చేతినుండి పతకమును స్వీకరించుట విచారకరము. జర్మనీ వైమానికబలము ఆతని కన్నులను మిఱుమిట్లు గొలిపెను. ఆ రాజ్యమున యూదులు పడుచున్న బాధ ఆతని మనస్సును తగినంత తాకలేదు. 1941 సెప్టెంబరులో డిమాయిన్ నగరమున, అమెరికాను యుద్ధములోనికి త్రోయుచున్నవారిలో యూదులను పేర్కొని ప్రసంగించి, దేశమంతట నిందకు గురియయ్యెను. యుద్ధము రాకూడదన్న తండ్రి వాదమును కుమారుడు స్వీకరించెను. కాని ఒక జాతిపై నింద మోపుట ఆ వాదమునకు తీరని కళంకమైనది. 1944లో పసిఫిక్ రంగమున సైనికోద్యోగి కాకున్నను సుమారు 50 యుద్ధవిమానయాత్రలలో పాల్గొనెను. దానితో ఆ మచ్చ పూర్తిగా మాసిపోలేదు; మాసిపోయినదని వ్రాయుట జీవితచరిత్రకారునకు ధర్మమును కాదు.

1954లో ఆతని స్వీయయాత్రాగ్రంథమునకు పులిట్జర్ బహుమతి లభించెను. ఉత్తరవయస్సున తిమింగిలములను, ఫిలిప్పీన్స్ అడవులలోని అరుదైన జంతువులను, ఆదిమజాతులను కాపాడుటకై దేశదేశములు తిరిగెను. విమానమును నమ్మినవాడే, ధ్వనివేగమును మించు ప్రయాణవిమానములు ప్రకృతికి హానికరములని వ్యతిరేకించెను. 1974 ఆగస్టు 26వ తేదీన హవాయి ద్వీపములలోని మావీయందు మరణించి, అచటనే ఖననము చేయబడెను.

ఎత్తునుండి చూచువానికి నగరపు రూపము తెలియును. అందలి మనుష్యుని ముఖము తెలియదు. లిండ్‌బర్గు ప్రజ్ఞయు, ప్రమాదమును ఈ ఒక్క విషయముననే ఇమిడియున్నవి. శిథిలములను చూపుట ఆకాశమునకు సాధ్యము. వానిని కట్టినవారిని తెలిసికొనుటకు కిడ్డరు వంటివారు నేలపై మోకరిల్లి మట్టిని త్రవ్వవలసినదే. మన విద్యార్థులకు ఆ రెండు చూపులును అలవడినప్పుడే చరిత్రపాఠము సార్థకమగును.