రాయపూరు గృహమున నరేంద్రుడు

ధర్మము మొదట అలవడునది గ్రంథములలో గాదు, గృహములో. తల్లి చెంత, తండ్రి సన్నిధిని, తోబుట్టువులతో కలిసి భుజించు పంక్తిలో బాలుడు గ్రహించినది యావజ్జీవము అతనిని వెన్నంటియుండును. సర్వసంగపరిత్యాగియైన స్వామి వివేకానందుని జీవితమే యిందులకు నిదర్శనము.

1863 జనవరి 12వ తేదీ, మకర సంక్రాంతి పుణ్యదినమున, కలకత్తా నగరములో విశ్వనాథ దత్తు, భువనేశ్వరీదేవి దంపతులకు నరేంద్రుడు జన్మించెను. తండ్రి ఉన్నత న్యాయస్థానమున న్యాయవాది. తల్లి కాశీ వీరేశ్వరుని పుత్రునకై ప్రార్థించి, ఆ శిశువు నీశ్వరప్రసాదముగా నెంచినది. బాలుడు పట్టరాని అల్లరి చేసినప్పుడు ఆమె అతనిని కొట్టెడిది కాదు. శివనామము నుచ్చరించుచు తలపై చన్నీళ్లు పోసెడిది. అంతటితో అతడు శాంతించెడివాడు. రామాయణ భారత కథలు అతడు మొదట విన్నది ఆ తల్లి నోటనే.

తండ్రి శిక్షణపద్ధతియు విలక్షణమైనది. ఒకనాడు నరేంద్రుడు తల్లితో పరుషముగా మాటలాడగా, విశ్వనాథుడు కుమారుని మందలింపలేదు. బాలుని మిత్రులు వచ్చి కూర్చుండు గది తలుపుపై, అతడు తల్లి నిట్లాడెనని బొగ్గుతో వ్రాసియుంచెను. చాలకాలము వరకు నరేంద్రుడు ఆ సిగ్గును మరువలేదు.

1877లో విశ్వనాథుడు వృత్తికార్యములకై మధ్యపరగణాలలోని రాయపూరునకు వెళ్లి, పిమ్మట కుటుంబమును రప్పించుకొనెను. నరేంద్రునకు అప్పుడు పదునాలుగేండ్లు. అలహాబాదు, జబ్బల్‌పూరుల మీదుగా నాగపూరు వరకు రైలు ప్రయాణము. అచ్చటినుండి పక్షము దినములకు పైగా దట్టమైన అడవులగుండ ఎడ్లబండ్లలో ప్రయాణము. ఒకచోట, రెండు కొండలు దాపునకు వచ్చిన కనుమలో, శిఖరము మొదలు పాదము వరకు దిగిన నెఱియలో బ్రహ్మాండమైన తేనెపట్టు వ్రేలాడుచుండెను. ఆ తేనెటీగల సామ్రాజ్యము ఆద్యంతములను తలపోయుచు, అనంతుడైన భగవంతుని మహిమలో లీనమై బాలుడు బండిలోనే బాహ్యస్మృతిని గోల్పోయెను. తెలివి వచ్చునప్పటికి బండ్లు చాలదూరము సాగియుండెను.

రాయపూరున అతనికి తగిన పాఠశాల లేకుండెను. ఇల్లే పాఠశాల, తండ్రియే గురువు. కలకత్తాలో వ్యవహారములతో తీరిక లేని తండ్రికిని, చదువు ఆటలలో మునిగియుండు కుమారునకును ఇచ్చట దినదినము సాన్నిహిత్యము లభించెను. పాఠ్యపుస్తకములకు పరిమితుడు కాక విశ్వనాథుడు గంభీర విషయములను కుమారునితో చర్చించెడివాడు. స్వతంత్రముగా వాదించుటకు అవకాశ మిచ్చెడివాడు. ఇంటికి వచ్చు విద్వాంసుల గోష్ఠిలో బాలునకు చోటుండెను. తన్నెవరైన చిన్నవానిగా త్రోసిపుచ్చినచో అతడు ఆగ్రహించెడివాడు. తండ్రి ఆ దుడుకుతనమును మందలించియు, ఆత్మగౌరవమునకు లోలోన సంతసించెడివాడు. వంట చేయుటయు, చదరంగమును అతడు నేర్చినది ఇచ్చటనే. 1879లో కుటుంబము కలకత్తాకు మరలినది. నరేంద్రుడు మూడేండ్ల పాఠములను ఒక్క యేట ముగించి, ప్రవేశపరీక్షలో ప్రథమశ్రేణిలో నుత్తీర్ణుడయ్యెను.

ఆ బంధము యొక్క బలము కష్టకాలమున తెలియవచ్చినది. 1884 ఫిబ్రవరిలో విశ్వనాథుడు హఠాత్తుగా మరణించెను. అప్పులు మిగిలినవి, బంధువులే ఇంటికై వ్యాజ్యమునకు దిగిరి. నరేంద్రుడు ఉద్యోగమునకై కాళ్లరిగినట్లు తిరిగెను. ఇంట అన్నము చాలని దినములలో, తనకు వేరొకచోట విందు కలదని తల్లితో చెప్పి వెడలి, ఉపవసించెడివాడు. అచంచలమైన తల్లి విశ్వాసమును ఆ దారిద్ర్యమున సడలెను. ఉదయమున భగవన్నామము స్మరించుచు లేచు కుమారుని చూచి, దేవుడు తమకేమి యొసగెనని ఆమె కటువుగా ఆక్షేపించినది. ఆ మాట అతని హృదయమున నాటుకొనెను.

ఆ స్థితిలో అతడు తనవారి అన్నవస్త్రములకై జగన్మాతను వేడింపుమని శ్రీరామకృష్ణుల నర్థించెను. స్వయముగా వెళ్లి అడుగుమని గురుదేవులు దక్షిణేశ్వరాలయమునకు అతనినే పంపిరి. మూడుసార్లు వెళ్లియు నరేంద్రుడు ధనము కోరలేకపోయెను. వివేక వైరాగ్యములను, జ్ఞానభక్తులనే కోరెను. తుదకు ఆ కుటుంబమునకు సామాన్యమైన అన్నవస్త్రములకు లోటుండదని గురుదేవులు అభయ మొసగిరి.

సన్న్యాసము స్వీకరించినంత మాత్రమున తల్లి ఋణము తీరదని స్వామి ఎరుగుదురు. 1893లో అమెరికా ప్రయాణమునకు ముందు చెన్నపట్టణమున నుండగా, తల్లి మరణించినట్లు కలగని వారు కలత చెందిరి. కలకత్తాకు తంతి పంపించి ఆమె క్షేమము తెలిసికొనిన పిదపనే ఊరట చెందిరి. వారి విన్నపముపై ఖేత్రీ ప్రభువు అజిత్ సింహుడు ఆమెకు నెలకు నూరు రూపాయలు పంపుచుండెను. 1901లో స్వామి తల్లిని తూర్పు వంగ, అస్సాము ప్రాంతముల పుణ్యక్షేత్రములకు స్వయముగా తోడ్కొనిపోయిరి. బాల్యమున కుమారుడు జబ్బుపడినప్పుడు ఆమె కాళీఘట్టమున మ్రొక్కుకొనినది, ఆ మ్రొక్కు తీరకుండెను. లోకవిఖ్యాతుడైన ఆ యతి అస్వస్థుడై యుండియు, తల్లి మాటపై తడివస్త్రములతో ఆలయప్రాంగణమున పొర్లి ఆ మ్రొక్కు చెల్లించెను. 1902 జూలై 4న స్వామి మహాసమాధి నొందిరి. తల్లి 1911 వరకు జీవించినది.

రాయపూరు 2000వ సంవత్సరమున ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకు రాజధాని యైనది. పాత నగరమునకు చేరువనే నవ రాయపూరు అటల్ నగరము వెలసినది. అచ్చటి విమానాశ్రయమునకు 2012లో స్వామి నామము నుంచిరి. నగరమధ్యమందలి ప్రాచీన తటాకము వివేకానంద సరోవరముగా పిలువబడుచున్నది. అయినను ఆ మహాపురుషుని అచ్చట తీర్చిదిద్దినది తండ్రితో గడపిన సాయంకాలములు, తల్లి ముఖమున విన్న భగవన్నామము. అవి నేటికిని ప్రతి గృహస్థునకు సాధ్యములే. దినమున కొక్క పూటయైనను కుటుంబమంతయు కలిసి భుజించి, ఒక్క నిమిషము కలిసి ప్రార్థించి, పిల్లల మాట నోపికతో ఆలకించిన చాలును. కష్టకాలమున విశ్వాసము సడలినను బంధము తెగదు. బంధము నిలిచినచోట విశ్వాసము మరల చిగిర్చును.