పాంపేయి కావలిభటునికి రూపమిచ్చిన చిత్రకారుడు

విధి నిర్వహణలో ప్రాణాన్ని సైతం లెక్కచేయని వారి కథలు ప్రతి జాతిలోనూ ఉన్నాయి. అటువంటి ఒక కథను రంగులలో నిలిపి, 29 ఏళ్ల వయసులోనే కీర్తి గడించిన ఆంగ్ల చిత్రకారుడు సర్ ఎడ్వర్డ్ జాన్ పాయింటర్.

ఆయన 1836 మార్చి 20న పారిస్ నగరంలో జన్మించారు. తండ్రి ఆంబ్రోస్ వాస్తుశిల్పి. బాల్యంలో అనారోగ్యం వల్ల పాయింటర్ చదువు సక్రమంగా సాగలేదు. ఆ అనారోగ్యమే మరొక విధంగా మేలు చేసింది. చలికాలం గడపడానికి వెళ్లిన రోము నగరంలో 1853లో ఆయనకు చిత్రకారుడు ఫ్రెడరిక్ లేటన్‌తో పరిచయం కలిగింది. ప్రాచీన చరిత్రను చిత్రించాలన్న సంకల్పం అక్కడే బలపడింది. అనంతరం పారిస్‌లో చార్లెస్ గ్లెయిర్ వద్ద శిక్షణ పొంది, లండన్‌లో స్థిరపడ్డారు.

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై పాంపేయి నగరం బూడిదలో కూరుకుపోయింది. అందరూ పారిపోతున్నా నగర ద్వారం వద్ద ఒక రోమను సైనికుడు తన చోటు విడువక మరణించాడని, తవ్వకాలలో అతని అస్థిపంజరం బయటపడిందని 19వ శతాబ్దంలో విస్తారంగా చెప్పుకునేవారు. 1865లో పాయింటర్ దానినే చిత్రించారు. వెనుక నిప్పులు కురుస్తున్నాయి, జనం కుప్పకూలుతున్నారు. భటుడు మాత్రం ఈటె పట్టుకొని నిలిచే ఉన్నాడు. అయితే పైకి చూస్తున్న అతని కన్నులలో భయం దాగలేదు. చిత్రానికి ప్రాణం ఆ చూపే. అది నేడు లివర్‌పూల్‌లోని వాకర్ చిత్రశాలలో ఉంది.

1867లో, ఈజిప్టులో బండిపై నిలిపిన భారీ సింహవిగ్రహాన్ని లాగుతున్న యూదు బానిసలను మూడు మీటర్లకు పైబడిన పటంపై చిత్రించారు. దానిని కొన్న ఇంజనీరు జాన్ హాక్‌షా, అంత బరువును లాగడానికి ఆ మనుషులు చాలరని లెక్కగట్టగా, పాయింటర్ మరికొందరిని చేర్చారని చెబుతారు. 1868లో కార్తేజి ముట్టడిని చిత్రించి, మరుసటి ఏడే రాయల్ అకాడమీలో సహసభ్యులయ్యారు.

1866లో ఆయన వివాహమాడిన ఆగ్నెస్, బొంబాయిలో జన్మించిన రచయిత రడ్యార్డ్ కిప్లింగ్‌కు పినతల్లి.

1871లో ఆయన లండన్ విశ్వవిద్యాలయ కళాశాలలో స్లేడ్ పీఠానికి తొలి ఆచార్యులయ్యారు. అక్కడ యువతులకూ యువకులతో సమానంగా ప్రవేశం లభించింది. 1896 నుండి 1918 వరకు రాయల్ అకాడమీ అధ్యక్షులుగా ఉండి, 1919 జూలై 26న కన్నుమూశారు.

పాంపేయి భటుని కథకు తవ్వకాల నివేదికలలో ఆధారం లేదని, కావలిగూడు అనుకున్నది నిజానికి ఒక సమాధి అని తరువాతి పరిశోధకులు తేల్చారు. కథ చరిత్రకు నిలవలేదు. భయపడుతూనే కదలక నిలిచిన ఆ మనిషి మాత్రం చిత్రంలో నిలిచాడు. చరిత్ర చిత్రాన్ని చూసేవారు ఈ రెండింటినీ వేరుచేసి చూడగలగాలి.