చెంచాడు బురదలో సరస్సు రహస్యం.. ఎవరీ ఫోరెల్? చేప కడుపులోని పురుగుకూ ఆయనకూ సంబంధం ఏంటి?

స్విట్జర్లాండ్ అనగానే మనకు మంచు కొండలు, నీలం రంగు సరస్సులు, సినిమా పాటలే గుర్తొస్తాయి. మరి ఆ నీళ్ల అడుగున ఏముంది? ఆ చేపల లోపల ఏముంది? 150 ఏళ్ల కిందట ఓ డాక్టర్ ఇదే ప్రశ్న వేసుకున్నాడు. జవాబు కోసం జీవితమంతా ఒక్క సరస్సు ఒడ్డునే గడిపేశాడు. ఆయన పేరు ఫ్రాంస్వా ఆల్ఫోన్స్ ఫోరెల్. సరస్సుల శాస్త్రానికి పితామహుడు. ఈరోజు మనం చేప తినే ముందు తీసుకునే జాగ్రత్తలకు కూడా ఆయన చూపించిన దారితో సంబంధం ఉంది. అదెలాగో చూద్దాం.

ఒడ్డునే పుట్టాడు.. ఒడ్డునే పోయాడు

ఫోరెల్ 1841 ఫిబ్రవరి 2న మోర్జ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. జెనీవా సరస్సు ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. అక్కడివాళ్లు ఈ సరస్సును లెమాన్ అంటారు. మామూలు సరస్సు కాదిది. దాదాపు 580 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం, 300 మీటర్లకు పైగా లోతు. తండ్రికి చరిత్ర అంటే ప్రాణం. సరస్సు నీళ్లలో మునిగిపోయిన పాతకాలపు ఇళ్ల గుంజలను వెతకడానికి వెళ్తూ కొడుకునూ వెంట తీసుకెళ్లేవాడు. అలా చిన్నప్పుడే ఆ నీళ్లతో చుట్టరికం కుదిరింది.

పెద్దయ్యాక వైద్యం చదివాడు. జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో డాక్టరేట్ చేశాడు. అసలు ట్విస్ట్ ఇక్కడే ఉంది. ఆయన పరిశోధన రోగాల మీద కాదు.. మంచినీటి ఆల్చిప్పలు ఎలా పెరుగుతాయన్న దాని మీద!

చేప మొప్పలే ఉయ్యాల

ఆల్చిప్పకూ చేపకూ ఏం సంబంధం అనుకుంటున్నారా? చాలా ఉంది. ఈ రకం ఆల్చిప్పల పిల్లలు కంటికి ఆనీ ఆననంత చిన్నగా ఉంటాయి. నీళ్లలోకి రాగానే దగ్గర్లోని చేప మొప్పలనో, రెక్కలనో పట్టుకుంటాయి. కొన్ని వారాలు దాని ఒంటి మీదే పరాన్నజీవిగా బతుకుతాయి. కాస్త ఎదిగాక రాలిపోయి అడుగున బురదలో స్థిరపడతాయి. అంటే చేప లేకపోతే ఆల్చిప్ప లేదు. ఒక జీవిని అర్థం చేసుకోవాలంటే దాని చుట్టూ ఉన్న జీవులన్నిటినీ చూడాలి. ఫోరెల్ తర్వాత చేసిన పనంతా ఇదే బాటలో నడిచింది.

చేపలు చచ్చి తేలాయి

1867లో లెమాన్‌లో పెద్ద కలకలం రేగింది. పెర్చ్ అనే చేపలకు ఏదో రోగం సోకి గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. పెర్చ్ అంటే అక్కడి జనానికి ఇష్టమైన వంటకం, జాలర్లకు జీవనాధారం. అప్పటికి ఫోరెల్‌కు పాతికేళ్లు దాటాయంతే. తోటి శాస్త్రవేత్త డు ప్లెసీతో కలిసి ఆ చేపల రోగాన్ని పరిశీలించాడు. ఇద్దరూ దాన్ని పెర్చ్ టైఫస్ అని పిలిచి నివేదిక రాశారు. మనుషుల రోగాల కోసం నేర్చుకున్న చదువు అలా చేపలకు పనికొచ్చింది.

బురదలో కదిలిన పురుగు

1869లో కథ పెద్ద మలుపు తిరిగింది. సరస్సు అడుగు ఎలా ఉంటుందో తెలుసుకుందామని ఫోరెల్ మోర్జ్ దగ్గర దాదాపు 40 మీటర్ల లోతు నుంచి కాస్త బురద తీయించాడు. దాన్ని మైక్రోస్కోప్ కింద పెడితే.. అందులో ఓ సన్నటి పురుగు కదులుతోంది! చీకటి, చలి, విపరీతమైన ఒత్తిడి ఉండే చోట జీవం ఉండదని అప్పట్లో చాలామంది నమ్మేవారు. ఫోరెల్ అక్కడితో ఆగలేదు. ఇంకా లోతుకు వలలు దింపాడు. పురుగులు, నత్తలు, చిన్న చిన్న రొయ్యల్లాంటి జీవులు.. ఒక్కొక్కటీ బయటపడ్డాయి. ఏడాది పొడవునా ఐదారు డిగ్రీల చలి ఉండే ఆ అడుగున ఓ లోకమే ఉందని తేలింది.

నీళ్ల ఊగిసలాట.. రంగుల లెక్క

ఫోరెల్ లోజాన్‌లో శరీర నిర్మాణ శాస్త్రం పాఠాలు చెప్పేవాడు. మనసు మాత్రం సరస్సు మీదే. గాలీవానా లేకపోయినా సరస్సు నీళ్లు ఒకవైపు పైకి లేచి మరోవైపు దిగుతుంటాయి. జనం దీన్ని తరతరాలుగా చూస్తున్నారు. పళ్లెం కదిపితే నీళ్లు ఊగినట్టే సరస్సు మొత్తం ఊగుతోందని ఫోరెల్ కొలతలతో నిరూపించాడు. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఒక ఊపుకు పట్టే సమయం దాదాపు 74 నిమిషాలు.

నీళ్ల రంగును కొలవడానికి నీలం నుంచి ఆకుపచ్చ దాకా రంగుల స్కేలు తయారు చేశాడు. జర్మన్ శాస్త్రవేత్త ఊలే దానికి మరికొన్ని రంగులు కలిపాడు. ఇప్పుడు మొబైల్‌తో నీళ్ల ఫొటో తీసి రంగు చెప్పే యాప్‌లోనూ వాడేది అదే ఫోరెల్-ఊలే స్కేలు! భూకంపాల తీవ్రతకు ఇటలీకి చెందిన రోసీతో కలిసి మరో స్కేలు ఇచ్చాడు. హిమానీనదాల మీద 1894లో ఏర్పాటైన అంతర్జాతీయ కమిషన్‌కు తొలి అధ్యక్షుడూ ఆయనే.

ఇదంతా కలిపి లెమాన్ మీద మూడు సంపుటాల పుస్తకం రాశాడు. మొదటిది 1892లో వచ్చింది. నీటి కదలిక, వేడి, రంగు, మొక్కలు, చేపలు, జాలర్ల వేట.. అన్నీ ఒకేచోట. ఈ చదువుకు లిమ్నాలజీ అని పేరు పెట్టింది కూడా ఆయనే.

బద్దెపురుగు గుట్టు రట్టు

ఇక అసలు విషయానికి వద్దాం. యూరప్ చల్లని సరస్సుల చుట్టుపక్కల జనాన్ని ఓ బద్దెపురుగు తరాలుగా పీడించింది. మనిషి పేగుల్లో కొన్ని మీటర్ల పొడవు పెరుగుతుంది. కొందరి ఒంట్లో బి12 విటమిన్‌ను లాగేసి రక్తహీనత తెస్తుంది. 1880ల్లో డోర్పాట్ నగరంలో మాక్స్ బ్రౌన్ అనే శాస్త్రవేత్త పైక్ చేపలోని లార్వాలను ముగ్గురు విద్యార్థులకు తినిపించి, ఇది చేప నుంచే వస్తోందని తేల్చాడు. మరి చేపలోకి ఎలా వస్తోంది? అది మాత్రం అంతుపట్టలేదు.

ఫోరెల్ 1912 ఆగస్టు 7న మోర్జ్‌లోనే కన్నుమూశాడు. ఐదేళ్ల తర్వాత, 1917లో ఆయన గడ్డ మీదే జవాబు దొరికింది. స్విట్జర్లాండ్‌లో పనిచేస్తున్న యానిట్స్‌కీ, రోసెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గొలుసు మొత్తం విప్పారు. మురుగుతో పాటు గుడ్లు సరస్సులో కలుస్తాయి. అందులోంచి వచ్చిన పిల్లను నీటి ఈగలాంటి చిన్న జీవి మింగుతుంది. దాన్ని చేప, చేపను ఇంకో పెద్ద చేప, చివరికి పచ్చిగా తిన్న మనిషి! సరస్సును ముక్కలుగా కాకుండా మొత్తంగా చూడాలన్న ఫోరెల్ బాట ఎంత సరైనదో దీంతో అర్థమైంది.

మనకూ తెలిసిన కథే

ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనూ వేధించిన నారికురుపు గుర్తుందా? అదీ ఇలాంటి నీటి జీవి ద్వారానే, వడకట్టని తాగునీటితో ఒంట్లోకి చేరేది. గొలుసులో ఆ ఒక్క లంకె తెగ్గొట్టడంతోనే 2000లో భారత్ ఆ రోగం నుంచి బయటపడింది.

లెమాన్ మాత్రం ఇంకా పూర్తిగా తేరుకోలేదు. మురుగు శుద్ధి చేస్తున్నా, పచ్చి పెర్చ్ తినడం ఫ్యాషన్ అయ్యాక బద్దెపురుగు కేసులు మళ్లీ బయటపడ్డాయి. 2015లో క్వాగా అనే కొత్త రకం ఆల్చిప్పలు సరస్సులోకి చొరబడ్డాయి. చలికాలాలు వేడెక్కడంతో పైనీళ్లు, అడుగునీళ్లు పూర్తిగా కలవడం అరుదైపోయింది. అడుగున ప్రాణవాయువు తగ్గుతోంది. ఫోరెల్ పురుగును చూసిన ఆ చీకటి లోకానికే ఇప్పుడు గండం.

చేప ప్రియులు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. బాగా ఉడికిస్తే ఈ పురుగు చచ్చిపోతుంది. పచ్చిగా తినాలంటే ముందు మైనస్ 20 డిగ్రీల చలిలో తగినన్ని రోజులు గడ్డకట్టించి ఉండాలి. నీళ్లు ఎంత తేటగా ఉన్నా సరే, చేపను మాత్రం పొయ్యి మీద పెట్టాకే తినండి.