పదమూడేళ్లు ఒకే జట్టుతో

హైదరాబాదులోని చాదర్‌ఘాట్ హైస్కూల్లో ఒకప్పుడు సయ్యద్ అబ్దుల్ రహీం అనే మాస్టరు ఉండేవారు. పాఠాలు చెప్పే మాస్టరుగా మొదలై, తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బడిలో ఆటల బాధ్యత తీసుకున్నారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశం ఇప్పటిదాకా రెండేసార్లు బంగారు పతకం గెలిచింది. 1951లో ఒకసారి, 1962లో ఒకసారి. రెండుసార్లూ కోచ్ ఈ మాస్టరే. మైదాన్ అనే హిందీ సినిమా చూసినవాళ్లకు ఆయన పేరు తెలిసే ఉంటుంది. సినిమాకు పెద్ద మ్యాచ్‌లు కావాలి. మేము బడి పంతుళ్లం కాబట్టి, ఆ మ్యాచ్‌లకూ మ్యాచ్‌లకూ మధ్య గడిచిన మామూలు సాయంత్రాల సంగతే మాకు ఎక్కువ పట్టింది.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. అప్పుడది నిజాం రాజ్యం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. ఆ రోజుల్లో అక్కడ డిగ్రీ పాఠాలు కూడా ఉర్దూలోనే సాగేవి. ఇంటి భాషలో చదివితే పైకి రాలేమని అనుకునే పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు. యూనివర్సిటీ జట్టుకు, ఊళ్లో పేరున్న కమర్ క్లబ్బుకు ఆడారు. బి.ఏ. అయ్యాక కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు లాంటి బడుల్లో పనిచేశారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ బాధ్యత ఆయనదే.

1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు కోచ్‌గా వచ్చారు. ఆ ఏడాది నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు ఆ జట్టుదే. ఆయన కాలంలో డ్యూరాండ్ కప్పు నాలుగుసార్లు వచ్చింది. కలకత్తా పెద్ద క్లబ్బుల పేర్లు తప్ప మరో పేరు వినపడని రోజుల్లో, కానిస్టేబుళ్ల జట్టు ఇలా గెలవడం చిన్న విషయం కాదు. అంతకన్నా పెద్ద విషయం, 1963లో కన్నుమూసేదాకా, పదమూడేళ్లు ఆయన ఆ జట్టును వదలకపోవడం.

అమెరికా కాలేజీల్లో మంచు మీద ఆడే ఐస్ హాకీ ఉంది. అందులో జాక్ పార్కర్ అనే కోచ్ బోస్టన్ యూనివర్సిటీ జట్టును 1973 నుంచి 2013 దాకా, అంటే 40 ఏళ్లు నడిపారు. అలాంటివాళ్లు ఏ దేశంలోనైనా అరుదే. నాలుగు మ్యాచ్‌లు ఓడగానే కోచ్‌ను మార్చేసే క్లబ్బులే ఎక్కువ. కొత్తాయన వస్తారు, పాత పద్ధతి తప్పంటారు, మళ్లీ మొదటి నుంచి మొదలు.

రహీం కూర్చుని చేసిన పని చూడండి. పిల్లలకు ఆయన పెట్టిన పోటీలు విచిత్రంగా ఉండేవి. ఒక పోటీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితో తన్నాలి. ఇంకో పోటీలో డ్రిబ్లింగ్ చెయ్యకూడదు. బంతి అందిందంటే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఇలాంటివి ఒక్క నెలలో ఫలితమివ్వవు. మొదట్లో ఆట చూడ్డానికి అధ్వానంగా ఉంటుంది, మంచి ఆటగాడు కూడా తడబడతాడు. రెండు మూడేళ్లకు గానీ రెండో కాలు మాట వినదు. రేపటికి తన ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని కోచ్ ఈ పనికి దిగడు.

1950లో తులసీదాస్ బలరాంకు పద్నాలుగేళ్లు. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో తమిళం మాట్లాడే పేదింటి పిల్లవాడు. కొన్నేళ్లకు రహీం కంటపడ్డాడు. సంతోష్ ట్రోఫీ కోసం హైదరాబాదు జట్టును తయారు చేస్తున్నప్పుడు రమ్మని పిలిస్తే, రోజూ అంత దూరం రావడానికి డబ్బులు లేవు. అద్దె సైకిలుకు రహీమే రూపాయి ఇచ్చారు. 1956లో హైదరాబాదు సంతోష్ ట్రోఫీ గెలిచింది. అదే ఏడాది బలరాం మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడాడు. ఉర్దూ మాట్లాడే మాస్టరు, తమిళం మాట్లాడే కుర్రాడు, చుట్టూ తెలుగు ఊళ్లు. తమిళనాట తెలుగు బడిలో చదివే మా పిల్లలకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఓటములు లేవని కాదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1తో ఓడింది. చలిదేశంలో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. అంత ఘోరమైన ఓటమి తర్వాత ఈ రోజుల్లో అయితే ఆ కోచ్ పేరు మళ్లీ ఎవరూ ఎత్తరు. రహీం మాత్రం 1956లో మెల్‌బోర్న్‌లో ఉన్నారు. అక్కడ నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టగా ఆస్ట్రేలియాను 4-2తో ఓడించాం. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే. సెమీఫైనల్లో మళ్లీ అదే యుగోస్లావియా ఎదురైంది. మొదటి గోల్ మనమే కొట్టి, చివరికి 4-1తో ఓడాం. నాలుగేళ్ల కిందటి పదికీ ఈ నాలుగుకీ ఉన్న తేడాను మేము లెక్కల పాఠంలో కూడా వాడుకున్నాం.

1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1తో సమానంగా నిలిచారు. ఆ జట్టులో రహీం కొడుకు హకీం ఉన్నా మ్యాచ్ ఆడే అవకాశం దక్కలేదు.

తర్వాతది జకార్తా, 1962. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడాన్ని ఒక భారతీయ ప్రతినిధి తప్పుపట్టడంతో అక్కడి జనం మనవాళ్ల మీద మండిపడుతున్నారు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడ్డాయి. వెనక నిలబడి తలతో బంతులు కొట్టడం కష్టమని రహీం ఆయన్ను ముందు వరసకు మార్చారు. సెప్టెంబరు 4న ఫైనల్. ఎదుట మళ్లీ కొరియానే. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2-1తో గెలిచాం. గోల్‌కీపర్ తంగరాజ్, వింగ్‌లో బలరాం ఇద్దరూ హైదరాబాదు గడ్డ మీద ఆట నేర్చినవాళ్లే.

తిరిగొచ్చాక రహీం మంచం పట్టారు. కాన్సర్. 1963 జూన్ 11న పోయారు. యాభై మూడేళ్లే.

మరుసటి ఏడాది ఆసియా కప్పులో భారత్ రెండో స్థానంలో నిలిచింది. కోచ్ వేరు, కానీ ఆటగాళ్లలో చాలామంది ఆయన దగ్గర పనిచేసినవాళ్లు. 1970లో ఆసియా క్రీడల్లో కాంస్యం వచ్చింది. ఆ తర్వాత పతకం లేదు, 1960 తర్వాత ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌కు వెళ్లిందీ లేదు. దీనికి ఎన్నో కారణాలు చెబుతారు. కోచ్‌లు వస్తూ పోతూ ఉండటం అందులో ఒకటని మా నమ్మకం.

మా అంచెట్టి వైపు బడుల్లోనూ ఇదే చూస్తున్నాం. ఆటల మాస్టరు పిల్లల పేర్లు నేర్చుకునే లోపే బదిలీ వస్తుంది. దేన్కణికోట దాటి అడవి దారిన ఇంత దూరం వచ్చి ఉండిపొమ్మని ఎవరినీ నిర్బంధించలేం. కానీ ఆరో తరగతిలో చూసిన పిల్లవాణ్ణి పదో తరగతిలో కూడా చూసే మనిషి ఒకరు ఉండాలి. అందుకే పాఠాలు చెప్పే మేమే సాయంత్రాలు మైదానంలోకి దిగాం. ఆట మాకు పెద్దగా రాదు. ఎడమ కాలి పోటీ మాత్రం మొదలుపెట్టాం. కుడికాలు తగిలిందా, బంతి ఎదుటివాళ్లది. ఎడమ వాటం పిల్లలు ఇద్దరున్నారు, వాళ్లకు కుడికాలు. ఇప్పటికి రెండు మ్యాచ్‌లు అయ్యాయి. ఒక్క గోలూ పడలేదు.