ఆస్తి పోయినా బడి ఆగలేదు

సింగపూర్ మెట్రోలో టాన్ కా కీ పేరుతో ఒక స్టేషన్ ఉంది. అక్కడ ఇంజనీరుగా పనిచేసిన రోజుల్లో ఆ పేరు వెనకున్న మనిషి గురించి తెలుసుకున్నాను. మన బడి స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం అడగ్గానే ఆయనే గుర్తొచ్చారు.

టాన్ కా కీ 1874లో దక్షిణ చైనాలోని ఫూజియాన్ రాష్ట్రంలో, జీమే అనే సముద్రతీర పల్లెలో పుట్టారు. 1890లో తండ్రి బియ్యం కొట్లో పనిచేయడానికి సింగపూర్ చేరారు. 1903 నాటికి ఆ వ్యాపారం అప్పుల్లో మునిగింది. తండ్రి బాకీలు కొడుకు కట్టి తీరాలని అక్కడి చట్టం అనదు. అయినా ఆయన అనాసపండ్లను డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ పెట్టి, ఆ సంపాదనతో బాకీలు తీర్చారు. తర్వాత అనాస తోటల్లోనే రబ్బరు మొక్కలు నాటారు. 1920ల నాటికి టైర్లు, చెప్పులు తయారుచేసే పెద్ద పారిశ్రామికవేత్త అయ్యారు.

ఆ డబ్బు ఊరి వైపు నడిచింది. 1913లో జీమేలో ఒక చేపల చెరువు కొని, పూడ్పించి, ప్రాథమిక పాఠశాల కట్టించారు. 1917లో తమ్ముడు టాన్ కెంగ్ హియాన్ దంపతులు ఊళ్లో ఉండి ఆడపిల్లల బడి మొదలుపెట్టారు. భవనాలు లేచినంత సులువుగా పంతుళ్లు దొరకరు. అందుకే 1918లో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల కూడా తెరిచారు. 1919లో సింగపూర్‌లో చైనీస్ హైస్కూలు స్థాపనకు ముందు నిలిచారు. నేను చెప్పిన మెట్రో స్టేషన్ ఆ బడి పక్కనే ఉంది. 1921లో షియామెన్ విశ్వవిద్యాలయం స్థాపించారు. జీమే బడులకు గానీ, ఆ విశ్వవిద్యాలయానికి గానీ తన పేరు పెట్టుకోలేదు.

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. 1926 నుంచి రబ్బరు ధర పడిపోసాగింది. 1929 ఆర్థిక మాంద్యం దానికి తోడైంది. 1931లో అప్పులిచ్చిన బ్యాంకులు కంపెనీని తమ అదుపులోకి తీసుకున్నాయి. విద్యాసంస్థలకు డబ్బు పంపడం ఆపేస్తే వ్యాపారం నిలబడే దారి ఉండేది. ఆయన ఒప్పుకోలేదు. 1934లో కంపెనీ మూతపడింది. అయినా మరో మూడేళ్లు విశ్వవిద్యాలయాన్ని ఎలాగో నడిపించి, 1937లో ప్రభుత్వానికి అప్పగించారు. ఆయన 1961లో బీజింగ్‌లో కన్నుమూశారు. జీమేలోనే సమాధి చేశారు. ఆ విద్యాసంస్థలకు ఆయన అల్లుడు లీ కాంగ్ చియాన్ కూడా విరివిగా విరాళాలిచ్చారు.

వ్యాపారం దక్కించుకోవాల్సిందని ఆనాడు అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. లెక్కల ప్రకారం అది సబబే. కానీ బడిలో చేరిన పిల్లవాడికి మధ్యలో చదువు ఆగితే ఆ నష్టం ఏ పద్దులోనూ కనిపించదు.

మన సంఘంలోనూ గదులు కట్టించడానికి, శిలాఫలకాలు వేయించడానికి దాతలు దొరుకుతున్నారు. ల్యాబు సామాను, కరెంటు బిల్లు, పేద పిల్లల ఫీజు ఏటా వచ్చే ఖర్చులు. వాటి మీద ఎవరి పేరూ చెక్కరు. ఈ 50 ఏళ్ల పండుగ నుంచి మనలో ప్రతి ఒక్కరం ఆ ఖర్చులో కొంత, ఏటా తప్పకుండా మోద్దామని నా మనవి.