ఆరు నెలలు మూడేళ్లయిన సంగతి

పంద్రాగస్టుకు మన బడిలో చీటీలు తీయించేవారు, గుర్తుందా? ఏ చీటీలో ఏ దేశభక్తుని పేరుంటే ఆయన గురించి ప్రార్థన మైదానంలో ఐదు నిమిషాలు మాట్లాడాలి. తొమ్మిదో తరగతిలో నాకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు వచ్చారు. పేరు పలకడానికే రెండు రోజులు పట్టింది. నా పక్క బెంచీ వానికి కొమురం భీం వచ్చాడు. జోడేఘాట్ మన జిల్లాలోదే, వాళ్ల తాత దగ్గరికి పోతే కథ దొరుకుతుంది. మార్చుకుందామని బతిమాలాను. వాడు వినలేదు.

బడి లైబ్రరీలో ఒక పాత పుస్తకం దొరికితే అందులోంచి కాపీ చేసి, తెల్లవారు ఆయన్ని మూడేళ్లు జైల్లో పెట్టారని అప్పజెప్పాను. చప్పట్లు కొట్టారు. దిగి వస్తుంటే తెలుగు సారు ఆపి, మొదటి కోర్టు ఎంత వేసిందో చూశావా అని అడిగారు. చూడలేదు. తర్వాతా చాలా ఏళ్లు చూడలేదు.

హరిసర్వోత్తమరావు గారు 1883లో కర్నూలులో పుట్టారు. డబ్బున్న ఇల్లు కాదు. మద్రాసులో ఎం.ఏ. చదివి, టీచరు కావాలని రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీలో చేరారు. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ ఆ ఊరు వచ్చి ఉపన్యాసాలిచ్చాక విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసులకు పోయారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ కుదరదన్నాడు. వెనక్కి తగ్గని వాళ్లలో ముందు నిలబడ్డ గాడిచర్లను కాలేజీ నుంచి తీసేశారు. ఇక జన్మలో సర్కారు ఉద్యోగం ఇవ్వకూడదని ఉత్తర్వు కూడా వేశారు. ఇరవై మూడేళ్ల వయసులో ఎం.ఏ. పట్టా చేతిలో పెట్టుకుని ఆయన రోడ్డు మీద పడ్డారు.

మరుసటి ఏడు బెజవాడ నుంచి స్వరాజ్ అనే వారపత్రిక నడిపారు. 1908 మార్చిలో తిరునెల్వేలిలో చిదంబరం పిళ్లె అరెస్టు మీద జనం తిరగబడితే పోలీసులు కాల్చారు, నలుగురు చచ్చిపోయారు. ఆ కాల్పులను తిడుతూ స్వరాజ్‌లో వ్యాసం వచ్చింది. రాజద్రోహం కింద, అంటే 124ఎ సెక్షన్ కింద, గాడిచర్ల మీద, పత్రిక ముద్రించిన బోడి నారాయణరావు మీద కేసు పెట్టారు.

నేను లాయరును కాను, కాలువల ఇంజనీరును. అయినా సారు ప్రశ్న కోసమని ఆ కేసు సంగతి చదివాను. రాజద్రోహం కేసును ఎవరు పడితే వారు వేయడానికి లేదు, ప్రభుత్వం అనుమతించాలి. తిట్టించుకున్నది ప్రభుత్వం, కేసు పెట్టాలా వద్దా తేల్చేది ప్రభుత్వం, కోర్టులో వాదించే ప్లీడరుకు జీతమిచ్చేదీ ప్రభుత్వమే. కృష్ణా జిల్లా సెషన్స్ జడ్జి గాడిచర్లను నిర్దోషి అని వదిలెయ్యలేదు, తప్పు చేశాడనే తేల్చాడు. కాకపోతే ఆరు నెలల సాధారణ శిక్షతో సరిపెట్టాడు.

ప్రభుత్వానికి అది చాల్లేదు. శిక్ష పెంచమని మద్రాసు హైకోర్టుకు పోయింది. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో హైకోర్టుకు ఆ అధికారం ఉంది. ఎవరూ జడ్జి ఇంటికి చీకట్లో కబురు పంపక్కరలేదు, దారి చట్టంలోనే వేసి పెట్టుకున్నారు. హైకోర్టు ఆరు నెలలను మూడేళ్ల కఠిన శిక్ష చేసింది. ద్వీపాంతరం కాకుండా జైలు మాత్రమే వేస్తే ఆ సెక్షన్ కింద మూడేళ్లకు మించి లేదు. అంటే పూర్తిగా అంచు దాకా లాగారన్నమాట.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అదే హైకోర్టు అదే ఏడాది చిదంబరం పిళ్లె శిక్షను తగ్గించింది. కాబట్టి హైకోర్టంతా ప్రభుత్వం చెప్పిన చోట సంతకం పెట్టేదని నేననను. నాకు మింగుడు పడనిది ప్రభుత్వం అడగడం. ఒక జడ్జి సాక్ష్యం విని, మనిషిని ఎదురుగా చూసి వేసిన శిక్షను, కేసు పెట్టినవాడే తక్కువైందని అనడం.

ఇది నాకు ఇంతగా ఎందుకు తగిలిందంటే, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాలువ మట్టిపని కొలిచి ఎం.బుక్కులో ఎక్కించాను. పైనుంచి మళ్లీ కొలవమన్నారు. ఎంత రావాలో కూడా చెప్పారు. టేపు పట్టుకుని మళ్లీ పోయాను, మొదటిసారి వచ్చిందే వచ్చింది, అదే రాశాను. నాలుగు నెలలకు ట్రాన్స్‌ఫర్. ఆ రాత్రి సామాన్లు కడుతుంటే ఆ సెషన్స్ జడ్జి జ్ఞాపకం వచ్చాడు. నాకు పోయింది ఒక ఊరు మాత్రమే, గాడిచర్లకు పోయింది రెండున్నరేళ్లు.

ఆ కాలం ఆయన వేలూరు జైలులో గడిపారు. దొంగలతో, హంతకులతో కలిపి, కాళ్లకు గొలుసులు, మెడలో కొయ్య పలక, పురుగుల రాగి అన్నం. బయటికి వచ్చాక కూడా పోలీసుల కన్ను ఆయన మీదే. ఇంట్లో చోటివ్వాలంటే జనం జంకారు. ఆయన మాత్రం మళ్లీ కలమే పట్టారు, కొన్నాళ్లు ఆంధ్రపత్రికకు సంపాదకుడిగా ఉన్నారు. 1927లో మద్రాసు శాసనమండలిలో కూర్చున్నారు. ఎక్కువ కాలం ఇచ్చింది మాత్రం గ్రంథాలయాలకు, వయోజన విద్యకు. సర్కారు బడిలో పాఠం చెప్పకూడదన్న మనిషి ఊళ్లలో పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పించే పనిలో పడ్డారు. 1960 ఫిబ్రవరి 29న కన్నుమూశారు.

పక్క బెంచీ వాని ఉపన్యాసం నాకంటే బాగుంది, ఒప్పుకుంటున్నాను. వాడు చెప్పిన భీం కథలో జడ్జి లేడు, అప్పీలు లేదు. 1940లో జోడేఘాట్ గుట్టల్లో నిజాం పోలీసులు కాల్చారు, అంతే. నిరుడు కలిసినప్పుడు ఇద్దరం దీని మీదే మాట్లాడుకున్నాం. గాడిచర్లకు కనీసం ఆరు నెలలని రాసిన కాగితం ఒకటుంది కదరా అన్నాడు.

సారు ఇప్పుడు లేరు. ఆయన అడిగినదానికి జవాబు ఆరు నెలలు.