నల్లజాతి పాటకు అండగా నిలిచిన డేవ్ గాడిన్

మన దర్గాల్లో కవ్వాలీ ఎంత మనసుపెట్టి పాడతారో, అమెరికాలో నల్లజాతివారి చర్చిల్లోనూ అంతే మనసుపెట్టి పాడతారు. ఆ గొంతుల్లోంచే సోల్ సంగీతం వచ్చింది. బ్రిటన్‌లో దానికోసం జీవితమంతా రాసిన జర్నలిస్టు డేవ్ గాడిన్.

1936లో లండన్‌లో పుట్టారు. తుపాకీ పట్టనని సైన్యానికి వెళ్లకుండా ఆసుపత్రిలో పనిచేశారు. మోటౌన్ కంపెనీ పాటలకు అభిమాన సంఘం పెడితే, యజమాని బెర్రీ గోర్డీ ఆయన్ని డెట్రాయిట్‌కు పిలిపించారు. బ్రిటన్‌లో ఆ రికార్డులు అప్పటికి తలో లేబుల్ మీద వచ్చేవి. అన్నీ ఒకే పేరు కింద తెమ్మన్నది గాడిన్ సలహా. 1965లో టామ్లా మోటౌన్ లేబుల్ అలా వచ్చింది. వ్యాపారం తెలిసిన మాటే!

లండన్‌లో సోల్ సిటీ అని రికార్డుల షాపు కూడా నడిపారు. ఏలూరులో క్యాసెట్ల షాపులు చూసినవారికి ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. ఫుట్‌బాల్ మ్యాచ్‌లకని ఉత్తరాది నుంచి వచ్చే కుర్రాళ్లకు కొత్త పాటలు పట్టేవి కావు, పాత హుషారు పాటలే కావాలి. వాళ్లకేం వినిపించాలో పనివాళ్లకు తెలియడానికి ‘నార్తర్న్ సోల్’ అనే మాట వాడారు. 1970లో బ్లూస్ అండ్ సోల్ పత్రికలో దాని గురించే రాశారు. షాపు నిలవలేదు గానీ పేరు నిలిచింది. అమెరికాలోనే ఎవరూ కొనని రికార్డులకు విగన్ క్యాసినోలో కుర్రకారు తెల్లవార్లూ డ్యాన్స్ చేసేవారు.

గుండె కోసే నెమ్మది పాటలకు ‘డీప్ సోల్’ అని పేరు పెట్టిందీ ఆయనే. 1997 నుంచి వాటిని ఏరి సీడీలుగా తెచ్చారు. మరుగునపడ్డ గాయకుల పేర్లు మళ్లీ వినిపించాయి. నాలుగో సీడీ వచ్చిన 2004లోనే, అక్టోబర్ 15న కన్నుమూశారు.